తొమ్మిది ఊపులు

పెరటి మెట్టు మీద కూర్చుని మేస్త్రి ఇత్తడి తూకపు రాళ్లను తుడుస్తున్నాడు. తోమడం కాదు, తుడవడం. ఉతికి ఉతికి మెత్తబడిన పాత గుడ్డతో, పసిబిడ్డ ఒళ్లు తుడిచినట్టు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన భార్య మంచిపనే చేస్తున్నాననుకుని వాటిని నిమ్మచెక్కా బూడిదా పెట్టి తళతళలాడేలా తోమిపెట్టింది. ఆ పూట మేస్త్రి భోజనం చేయలేదు. "అరిగిన రాయి అబద్ధం చెబుతుందే. అదీ మెరుస్తూ చెబుతుంది" అన్నాడు. ఆ మాటను ఆవిడ జాగ్రత్తగా దాచుకుని, ఇప్పటికీ తనకు పనికొచ్చినప్పుడల్లా బయటికి తీస్తుంది.

పాత బజారు కొట్లలో కాటాలన్నీ బాగుచేసేది ఈయనే. ఈయనకు ముందు ఈయన తండ్రి. కొత్త బజారుకు కరెంటు కాటాలు వచ్చినా, పాత బజారు మాత్రం ఇంకా రెండు గిన్నెల తక్కెళ్ల మీదే నడుస్తోంది.

శుక్రవారం పొద్దున ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మేస్త్రి రాళ్లు తుడుస్తాడు, చెల్లెలు వారపత్రిక పైకి చదువుతుంది. తండ్రికి చదువు రాదు కాబట్టి అప్పట్లో మొదలైన అలవాటు. మేస్త్రికి చదువు వచ్చుగానీ, నలభై దాటాక దగ్గరి అక్షరాలు చీమల బారులా కదులుతున్నాయి. కళ్లజోడు పెట్టుకోవడం నామోషీ. చెల్లెలు దర్జీ కొట్టు నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లో కాజాలు కుడుతుంది. ఇంటికి సరుకులు తెచ్చేదీ ఆమే. మాట తక్కువ. పత్రిక చదివేటప్పుడు వినబడిందే ఆ రోజుకి ఆమె గొంతు.

"తరవాత?" అన్నాడు మేస్త్రి, అరకిలో రాయిని వెలుతురులో తిప్పి చూసుకుంటూ.

"'కొనేవారి కన్ను'. రాసినది, ఒక కొనుగోలుదారు."

మేస్త్రి చేతిలో గుడ్డ ఆగింది. "చదువు చదువు. ఈ వారం ఏం కూశాడో చూద్దాం."

"'ఇనప రాయిని తిరగేసి చూడండి. దాని అడుగున చిన్న గుంటలో సీసం పోసి ఉంటుంది. సీసం నిండుగా ఉంటే సరే. గుంట బోసిగా ఉంటే ఆ రాయి తేలిక. తేలిక రాయితో తూస్తే మీకు వచ్చే సరుకూ తక్కువే.'"

చదవడం ఆపి ఆమె తలెత్తింది. "ఎక్కడ తప్పు అన్నయ్యా?"

ప్రతి వారం అడిగే మాటే. ఆరు వారాలుగా ఆ శీర్షిక వస్తోంది, ఆరు వారాలుగా మేస్త్రి దాని మీద దుమ్మెత్తిపోస్తున్నాడు. మొదటి వారం ఆ కొనుగోలుదారు ఎవడో 'బరువైన రాయి మోసపు రాయి' అని రాశాడు. మేస్త్రి కడుపు పట్టుకుని నవ్వాడు. "వీడి బుర్రలో గుజ్జు లేదు. రాయి బరువైతే కొట్టువాడు మునుగుతాడు, కొనేవాడు కాదు. మోసపు రాయి ఎప్పుడూ తేలికే. అడుగున సీసం గీకేస్తారు." అలా ఏ వారానికి ఆ వారం తప్పులు ఏరుతూ ఆయన చెప్పేవాడు. చెల్లెలు వినేది. భార్య వంటింట్లోంచి "మీకు తెలిసినంత ఆ పత్రికవాళ్లకి ఏం తెలుసులెండి" అనేది. ఆ అరగంటా మేస్త్రికి వారానికంతటికీ సరిపడా సంతోషం.

ఇవాళ సంతోషం కలగలేదు. సీసం సంగతి తన నోటి మాట. ఇదే మెట్టు మీద అన్న మాట. అది తిరిగి తిరిగి అచ్చులోంచి తన చెవికే వచ్చింది.

"తప్పేం లేదు" అన్నాడు మెల్లగా. "ఈసారి ఒప్పే రాశాడు. అదే నా అనుమానం."

అనుమానానికి కారణం ఉంది. ఎవరి కాటా ఎటు మొగ్గుతుందో మేస్త్రికి తెలిసినంతగా ఆ కొట్లవాళ్ల పెళ్లాలకు కూడా తెలియదు. పప్పుల కొట్టాయన గిన్నె అడుగున అంటించే మైనం సంగతి తెలుసు. చక్కెర షావుకారు దగ్గర రెండు దండెలున్నాయనీ తెలుసు. దండె అంటే గిన్నెలు వేలాడే అడ్డకడ్డీ. ముద్రల రోజుకి సరైనది ఎక్కిస్తాడు, ముద్ర పడ్డాక సరుకు వైపు చెయ్యి గోరంత పొడుగున్న పాతది ఎక్కిస్తాడు. తెలియడం ఒక పని, తెలియనట్టు ఉండడం ఇంకో పని. "కొట్టు తూకం కొట్టులోనే దించి రావాలిరా" అనేవాడు తండ్రి. అలా దించి వస్తాడనే నమ్మకంతోనే వాళ్లు ఈయన ముందు కాటా విప్పుతారు.

ఇంకో మూడు వారాల్లో ముద్రల రోజు. ఏడాదికోసారి తూనికల అధికారి వచ్చి ప్రతి కాటాకూ ముద్ర వేస్తాడు. అంతకు ముందు అన్ని కొట్లలోనూ కాటాలు విప్పి సరిచేయాలి. మేస్త్రి ఇంటికి ఏడాది గడిచేది ఆ కొద్ది రోజుల పని మీదే. ఈ ఏడు, ఆ శీర్షిక మొదలయ్యాక, ఇంకా ఒక్కరూ పిలవలేదు. నిన్న పప్పుల కొట్టాయన "ఇప్పుడు కాదులే మేస్త్రీ" అన్నాడు. మేకుల కొట్టువాడైతే ఈయన్ని చూడగానే కాటా మీద తువ్వాలు కప్పాడు, వయసొచ్చిన కూతుర్ని లోపలికి పంపినట్టు.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అనుకున్నాడు మేస్త్రి. "ఈశ్వరుడికి కాటా పని రాదు. నాకు వచ్చు."

మెట్టు దగ్గరి మాట వినగలిగేవాళ్లు ముగ్గురు. వంటింట్లో భార్య. మేడ మీద అద్దెకున్న రిటైర్డు గుమాస్తా. ఆయన కిటికీ సరిగ్గా మెట్టు మీదికి తెరుచుకుంటుంది, ఆయన చెవి అంతకంటే ముందే తెరుచుకుంటుంది. మూడోది చెల్లెలు. కానీ చెల్లెలు చదివేది కదా. చదివే మనిషిని లెక్కలో వేయాలని ఆయనకు తోచనే లేదు.

అనుమానమున్న రాయిని నమ్మకమైన రాయి ఎదురుగా పెట్టి చూస్తారు. మేస్త్రి అబద్ధాలతో అదే చేశాడు, ఒక్కొక్కరికి ఒక్కోటి చెప్పి, ఏది అచ్చులోకి వస్తుందో చూద్దామని. మధ్యాహ్నం భార్య దగ్గరికెళ్లి, ఎంతో రహస్యంలా అన్నాడు.

"వాన రోజున కాటాలు తక్కువ తూగుతాయి. గాలిలో తేమకి. ఎవరికీ చెప్పకు."

ఆవిడ గరిటె ఆపి ఆయన మొహంలోకి చూసింది. "ఇన్నేళ్ల కాపురంలో లేనిది ఇవాళ నాకు పని నేర్పుతున్నారేం?"

"ఊరికే."

"ఊరికే కాదు. మెరుస్తూ చెబుతున్నారు." ఆవిడ గరిటె తిప్పడం మొదలుపెట్టింది. "నా మీదా మీ అనుమానం? మా అమ్మకి ఉత్తరం రాయడానికే బద్ధకం నాకు. పత్రికలకి రాస్తానా?"

సాయంత్రం మేడ మెట్ల దగ్గర గుమాస్తాను పట్టుకున్నాడు. "మీరు చదువుకున్నవారు, మీకైతే చెప్పొచ్చు. ఎడమచేత్తో తూచేవాడిని నమ్మకండి. అందులో ఒక కిటుకుంది."

"నాకెప్పటినుంచో అనుమానమే మేస్త్రి గారూ!" అన్నాడు గుమాస్తా, కళ్లు మెరిసిపోతూ.

ఆదివారానికల్లా ఫలితం తెలిసింది. గుమాస్తా కూరల బండి దగ్గర ఎడమచేతివాటం మనిషితో వాదన పెట్టుకుని, చివరికి వంకాయలు కిందపోసి వచ్చాడు. నోరు ఆగని మనిషి చేతికి రాయాల్సిన అవసరమేముంది? మేస్త్రి ఆయన్ని లెక్కలోంచి తీసేశాడు. భార్య మాటకొస్తే, వాన సంగతి వీధిలో ఎక్కడా వినపడలేదు. ఇక పత్రిక వచ్చేదాకా ఆగడమే.

మళ్లీ శుక్రవారం. మళ్లీ మెట్టు. చెల్లెలు పత్రిక విప్పింది. వానా లేదు, ఎడమచెయ్యీ లేదు. ఆమె ఎప్పటి గొంతుతోనే చదివింది.

"'కాటాను ఖాళీగా ఊగనిచ్చి, మధ్యలో నిలబడే ముల్లును చూస్తూ లెక్కపెట్టండి. ముల్లు తొమ్మిది సార్లు ఊగి ఆగితే అది నిజాయితీ కాటా. అంతకు ముందే ఆగితే ఎక్కడో మోసముంది. పని తెలిసిన మేస్త్రులందరూ ఇలాగే లెక్కపెడతారు.'"

పెరట్లో కాకి అరిచింది. మేస్త్రి చేతిలోని చిన్న రాయిని పక్కన పెట్టాడు.

"ఎక్కడ తప్పు అన్నయ్యా?"

తొమ్మిది సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏమీ లేదు. పని చేసేటప్పుడు పెదవుల మీదికి వచ్చే లెక్క, అంతే. తండ్రి పెదవుల మీది నుంచి వచ్చింది. అది ఎందుకు వచ్చిందో, తొమ్మిది దగ్గరే ఎందుకు ఆగుతుందో తెలిసినవాడు లోకంలో తానొక్కడే. తెలియకుండా వింటూ పెరిగింది ఇంకొక్కతే.

ఆయన చెల్లెలి వేళ్ల వైపు చూశాడు. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్లు. కుడిచేతి మధ్యవేలి పక్కన, సూదితో ఏ సంబంధమూ లేని చోట, సన్నగా నల్లటి మరక. సోమవారం సోమవారం కుట్టిన చొక్కాల మూట తీసుకుని దర్జీ కొట్టుకి వెళుతుంది. దర్జీ కొట్టు పక్కనే పత్రిక అచ్చాఫీసు. ఇన్నాళ్లూ ఆ రెండు గోడలూ ఆనుకునే ఉన్నాయి. తానే చూడలేదు.

"ఏం లేదు" అన్నాడు. "తరవాతి పేజీ చదువు."

తప్పు కనబడీ ఆయన ఏరని మొదటి శుక్రవారం అది. ఆమె ఒక్క క్షణం ఎక్కువ చూసింది. ఆ చూపులో కూడా అనుమానమే ఉంది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకరినొకరు తూచుకోవడం మొదలైంది. ఆయన వస్తే ఆమె కాగితం మీద చొక్కా కప్పేది. ఆమె లేస్తే ఆయన దగ్గేవాడు. భార్య ఇద్దరినీ చూసి "ఇంట్లో ఇద్దరు గూఢచారులుంటే వంట ఎవరికి చేయాలో తెలియట్లేదు" అంది.

శనివారం మేస్త్రి బజారుకి వెళితే ప్రతి కొట్టు ముందూ అంకెలే. "ఆరూ, ఏడూ, ఎనిమిదీ..." అని జనం కాటాల ముందు నిలబడి పాడుతున్నారు. నూనె కొట్టు ముందు మాత్రం ఎవరూ లేరు. కొట్టు నడిపే ముసలమ్మ పీట మీద కూర్చుని ఈగలు తోలుకుంటోంది.

"రా నాయనా, చూడు. నా కాటా అయిదుకే ఆగుతోందట. దొంగదాన్నట. నిన్నటి దాకా పెద్దమ్మా అన్నవాళ్లే" అంది. "మీ నాన్న చేసిచ్చిన కాటా ఇది. ఆయన దొంగ కాటా చేశాడా?"

మేస్త్రి వంగి దండె కింద వేలు పెట్టి చూశాడు. దండె ఊగేది నడుమనున్న పదునైన ఇనప అంచు మీద, దాన్నే కత్తి అంటారు. ఆ కత్తి చుట్టూ ఏళ్ల నూనె జిడ్డు జిగురులా పేరుకుంది. ఊపు ఎలా సాగుతుంది? తూకం చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. ఆ బజారులో పూర్తిగా నిజం చెప్పే కాటా ఏదైనా ఉందంటే అదే.

"తుడిచిపెడతాను పెద్దమ్మా."

"తుడిస్తే తొమ్మిది ఊగుతుందా?"

ఆయన వేలికంటిన జిడ్డు తుడుచుకున్నాడు. ఊగినా ఊగకపోయినా ఒకటే అని ఈవిడకు చెబితే నమ్ముతుంది. మిగతావాళ్లకు చెప్పాలంటే, నీకెలా తెలుసు అంటారు. నీ లెక్కేగా అంటారు.

ఆ మాట అనడానికే సోమవారం పొద్దున్నే చక్కెర షావుకారు ఇంటికే వచ్చాడు. బజారు సంఘం పెద్ద. ఎప్పుడూ కబురు పెట్టేవాడే గానీ ఈ గుమ్మం తొక్కలేదు. చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, తువ్వాలు మోకాలి మీద వేసుకున్నాడు. కిటికీ దగ్గర చెల్లెలు కాజా కుడుతోంది. మేస్త్రి భార్య మంచినీళ్లు తెచ్చిస్తే పక్కన పెట్టాడు.

"ఏం మేస్త్రీ, బాగా రాస్తున్నావు."

"నేను రాయడం లేదు షావుకారు గారూ."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావేం? తొమ్మిది దాకా లెక్కపెట్టేవాడు ఈ బజారులో ఒక్కడే. మీ నాన్న లెక్కపెట్టాడు, నువ్వు లెక్కపెడుతున్నావు. నీ ముందు కాటా విప్పాలంటే ఇప్పుడు ఒళ్లు విప్పినంత సిగ్గుగా ఉందంటున్నారు అందరూ. ముద్రల పనికి బయట నుంచి మనిషిని పిలుద్దామని సంఘంలో మాట."

వంటింటి గుమ్మంలో భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రాసింది నేనండీ" అంది చెల్లెలు.

సూది చొక్కాలో గుచ్చి, నిటారుగా కూర్చుని, పత్రిక చదివే గొంతుతోనే అంది. షావుకారు ఆమెను అప్పుడే చూసినట్టు చూశాడు. తరవాత నవ్వాడు. నవ్వుకి కుర్చీ కిర్రుమంది.

"నువ్వా! తూకం గురించి నీకేం తెలుసమ్మాయ్?"

"ఏమీ తెలియదండీ. కొనడం తెలుసు. ఇంటికి సరుకులు తెచ్చేది నేనే. తెచ్చినవి ఎప్పుడూ ఎందుకు తరుగుతున్నాయా అని రాయడం మొదలుపెట్టాను. తెలియనివి అన్నయ్యని అడిగాను."

"విన్నావా మేస్త్రీ? చెప్పింది నువ్వు. అడ్డానికి ఆడపిల్లని నిలబెట్టావు. కాజాలు కుట్టే పిల్ల సీసం గురించి రాసిందంటే నమ్మడానికి నేనేం చెవిలో పువ్వు పెట్టుకు వచ్చానా?"

ఆమె మొహం కందిపోయింది. ఇన్ని వారాలు దాచుకున్న మాట బయటపెడితే, దాన్ని తీసుకునేవాడే లేడు. నిజం చెప్పి అబద్ధాలకోరు అనిపించుకోవడం ఎలా ఉంటుందో మేస్త్రి నూనె కొట్టులో చూసి వచ్చాడు.

షావుకారు గొంతు తగ్గించాడు. "సరే, రాసిందెవరైనా సరే. ఒక మాట. వచ్చే శుక్రవారం 'రాళ్ల గురించీ సీసం గురించీ రాసినవన్నీ పొరపాటు' అని వేయించు. ఆ తొమ్మిది మాట మాత్రం ఉండనీ. అది బాగుంది. నా కాటా పదకొండు ఊగుతోంది. జనం వచ్చి చూసిపోతున్నారు. అలా వేయించావా, ముద్రల పనంతా నీదే. నాది పూచీ."

మేస్త్రికి ఒక్కసారిగా అంతా తేటపడింది. పొడుగు చెయ్యి దండె, దాని కత్తికి షావుకారు స్వయంగా పెట్టుకునే మేలురకం నూనె. ఊగక ఏం చేస్తుంది? దొంగ కాటా పదకొండు ఊగి దొరైపోయింది. నిజం కాటా అయిదుకే ఆగి దొంగైపోయింది. ఈ పని చేసింది తన తండ్రి పెదవుల మీది లెక్క.

ఆయన లేచి గోడనున్న చేతి తక్కెడ దించి, దూలం కొక్కేనికి తగిలించి ఊపాడు.

"రాసింది నేను కాదు షావుకారు గారూ. నేను రాసుంటే తొమ్మిదని రాస్తానా? పని తెలిసినవాడెవడూ ఆ మాట రాయడు. ఊపుకీ నిజానికీ సంబంధం లేదు. జిడ్డు పడితే తొందరగా ఆగుతుంది, నూనె పెడితే ఎక్కువ ఊగుతుంది. అంతే. అది దాని ఒంటి సంగతి, బుద్ధి సంగతి కాదు."

"మరి మీ నాన్న?"

"నాన్న లెక్కపెట్టింది కాటా కోసం కాదు." మేస్త్రి షావుకారు వైపు చూడలేదు, చెల్లెలి వైపూ చూడలేదు. ఊగుతున్న ముల్లు వైపు చూస్తూ అన్నాడు. "మా చెల్లి చిన్నప్పుడు బల్ల మీద ఆయన పక్కన కూర్చునేది. అంకెలు నేర్చుకునే రోజులు. ముల్లు చూపిస్తూ ఇద్దరూ కలిసి లెక్కపెట్టేవాళ్లు. తొమ్మిది దాకా వచ్చేది, పది దగ్గర ఏడుపు. అందుకని ఆయన తొమ్మిదికే చెయ్యి అడ్డం పెట్టి ముల్లు ఆపేసేవాడు. అలవాటైపోయింది. అది చూసి నాకూ అయింది."

చెల్లెలు ఒళ్లోని చొక్కాను మడిచింది. మళ్లీ విప్పింది. లోకంలో మేస్త్రులందరూ అలాగే లెక్కపెడతారని అచ్చులో రాసిన మనిషి ఆమె. ఆ లెక్క లోకానిది కాదు, తనది.

"అయితే నూనె కొట్టు పెద్దమ్మకి వచ్చిన చెడ్డపేరు..." అంది.

"ఆ. నీ వల్లే" అన్నాడు మేస్త్రి. మెత్తగా అనలేదు.

ఆమె చొక్కాల మూటలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితమూ, అరిగిపోయిన పెన్నూ తీసింది. దాచకుండా, షావుకారు ఎదురుగానే, ఒళ్లో చొక్కా మీద కాగితం పరుచుకుంది.

"ఎక్కడ తప్పో చెప్పావు అన్నయ్యా. ఒప్పు ఏమిటి? ఊపు లెక్క కాకపోతే, ఏమీ తెలియనివాళ్లు మంచి కాటాని ఎలా గుర్తుపట్టాలి?"

మెట్టు మీద ఆమె అడిగిన ప్రశ్నలకు మేస్త్రి వారం వారం సంతోషంగా జవాబు చెప్పాడు. ఈ ఒక్క ప్రశ్న వేరు. ఇది కొట్టులోనే దించి రావాల్సినది. భార్య వంటింటి గుమ్మం నుంచి తల అడ్డంగా ఊపుతోంది. వద్దనో, ఏమైపోతామనో. షావుకారు తువ్వాలు అంచు పట్టుకుని, ఆయన నోటి వైపే చూస్తున్నాడు.

ముల్లు ఊగి ఊగి ఆగింది. ఎన్ని సార్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

"గిన్నెలు మార్చాలి" అన్నాడు మేస్త్రి. "ముందు మామూలుగా తూచమను. తూచాక, రాయి తీసి సరుకు గిన్నెలో వెయ్యమను, సరుకు తీసి రాయి గిన్నెలో పొయ్యమను. నిజం కాటా అయితే ఎటు మార్చినా ముల్లు నడిమధ్యలోనే ఉంటుంది. దండె చెయ్యి గోరంత పొడుగున్నా చాలు, అడ్డంగా దొరికిపోతుంది. పదకొండు కాదు, పాతిక ఊగనీ." ఒక క్షణం ఆగాడు. "రాసుకున్నావా?"

"'గోరంత పొడుగున్నా చాలు'" అని ఆమె పైకి చదువుతూ రాసింది. "అన్నయ్యా, ఇందులో..."

"తప్పేం లేదు."

షావుకారు లేచాడు. పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసు అలాగే ఉంది. తువ్వాలు ఒక్కసారి దులిపి భుజాన వేసుకున్నాడు. దూలానికి వేలాడుతున్న తక్కెడ తలకు తగలకుండా వంగి, దాన్ని చుట్టి నడిచి, గుమ్మంలో చెప్పులు కాళ్లతోనే వెతుక్కుని తొడుక్కున్నాడు. ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.